పెంటకుప్ప మాగితేనే చెరువు పదిలం

పేడలో, కోళ్ల ఎరువులో ఉండే ఆడ హార్మోనును బాక్టీరియా తినేస్తుంది. దానికి గాలి, తడి, గడువు ఇవ్వాల్సింది మాత్రం రైతే.

తాండూరు నల్లరేగళ్లలో కంది కోతలు నడుస్తున్నాయి. వికారాబాద్ చెలకల్లో పత్తి ఆఖరు ఏరుడుకొచ్చింది. చేను ఖాళీ అయ్యాక వేసవిలో ఏదో ఒకరోజు ట్రాక్టరు మాట్లాడుకుని, కొట్టం పక్కనున్న పెంటకుప్పను చేనికి తోలించడం మనందరికీ అలవాటే. తోలించిన పెంట చిన్న చిన్న కుప్పలుగా చేలో పడి ఉంటుంది. మిర్గం చొచ్చి తొలి వాన పడ్డాక దున్నుకుంటాం.

ఎరువుగా పెంట విలువ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఆ పెంటలో నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు మనం ఎన్నడూ లెక్కలోకి తీసుకోని సరుకు ఇంకొకటి ఉంది. అదే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను. పచ్చి పెంట మీద గట్టి వాన పడితే ఆ హార్మోను నీళ్లతో పాటు వాగులోకి, కుంటలోకి దిగుతుంది. మాగిన పెంటలో అయితే చాలా మటుకు మిగలదు. పచ్చి పెంటకూ మాగిన పెంటకూ మధ్య పనిచేసేది కంటికి కనిపించని బాక్టీరియా. ఈ వారం దాని సంగతి, దానితో మనకున్న పని చెప్పుకుందాం.

మనం నీళ్లకు తలాపున ఉన్నాం

ముందుగా మన చేల మీద పడిన వాన ఎక్కడికి పోతుందో చూడండి. మూసీ పుట్టింది మన అనంతగిరి గుట్టల్లోనే. తూర్పు వాలున పడిన నీరు మూసీ పట్టుకుని ఉస్మాన్‌సాగర్ చేరుతుంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసిన చెరువు అది. నేటికీ హైదరాబాద్ తాగునీటి వనరుల్లో ఒకటి. పడమటి వాలున పడిన నీరు వాగులు, వంకలై కాగ్నాలో కలిసి, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి పోయి భీమా నదిలో పడుతుంది. భీమా కృష్ణలో కలుస్తుంది. మూసీ కూడా నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర ఆ కృష్ణలోనే కలుస్తుంది.

అంటే మన జిల్లాకు ఎగువ నుంచి వచ్చే మురికి తక్కువ. మనం వదిలేదే దిగువకు పోతుంది. పైగా ఆ దిగువ ఎక్కడో దూరాన మొదలు కాదు. మన ఊరి కుంటే మొదటి మజిలీ. అందులో చేపపిల్లలు వదిలేదీ, బర్రెలు నీళ్లు తాగేదీ మన ఊరివాళ్లవే.

పేడలో హార్మోను ఎక్కడిది?

ఈస్ట్రోజెన్ విషం కాదు. ఆవు, బర్రె, గొర్రె, కోడి, మనిషి, చేప అన్నిటి ఒంట్లోనూ సహజంగా పుట్టేదే. ఆడ జీవి ఎదకు రావాలన్నా, చూలు నిలవాలన్నా, కోడి గుడ్డు పెట్టాలన్నా ఇది కావాలి. పని అయిపోయాక శరీరం దాన్ని బయటికి పంపేస్తుంది. పశువుల్లో పేడ ద్వారా ఎక్కువగా పోతుంది, మూత్రంలో కొంత పోతుంది. చూడి పశువు నెలలు నిండే కొద్దీ పంపే మోతాదు బాగా పెరుగుతుంది. కోళ్లలో చూస్తే మాంసం కోళ్ల కంటే గుడ్లు పెట్టే కోళ్ల ఎరువులో ఎక్కువ ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. శరీరం హార్మోనును బయటికి పంపేటప్పుడు దానికి చక్కెర లాంటి ముక్కో, గంధకం ఉన్న ముక్కో తగిలించి ముడి వేస్తుంది. ముడి వేసిన హార్మోను పని చేయదు. కానీ పేడలో, మురుగులో ఉండే ఈ.కోలై లాంటి బాక్టీరియా ఆ చక్కెర ముక్కను విడదీసి ముడి విప్పేస్తుంది. దాంతో హార్మోనుకు మళ్లీ ప్రాణం వస్తుంది. అందుకే పచ్చి పేడలో కొద్ది రోజుల పాటు దాని బలం తగ్గదు సరికదా, పెరగవచ్చు కూడా. బాక్టీరియా అన్నీ ఒకే పని చేయవు. ముడి విప్పేవి వేరు, మొత్తంగా తినేసేవి వేరు. ఆ రెండో రకానికి సమయం ఇవ్వడమే మన పని.

మనుషుల నుంచి కూడా ఇది మురుగులోకి పోతుంది. మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రల్లో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే తయారీ హార్మోను. ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాములే ఉంటుంది. సహజ హార్మోను కంటే ఇది మొండిది, అంత తొందరగా విరగదు.

చేపకు ఏమవుతుంది?

ఇంత కొంచెం హార్మోనుకు ఏమవుతుందిలే అనిపించవచ్చు. చేప సంగతి వేరు. నీళ్లలోనే ఊపిరి తీసుకుంటుంది, నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. నీళ్లలో ఉన్నది మొప్పల గుండా ఒంట్లోకి పోతూనే ఉంటుంది.

1990ల్లో ఇంగ్లండు నదుల్లో మురుగునీరు కలిసే చోట మగ చేపల వృషణాల్లో గుడ్ల కణాలు కనిపించాయి. గుడ్డు సొనకు కావాల్సిన మాంసకృత్తి ఆడ చేపలో తయారవ్వాలి, అది మగ చేపల నెత్తురులో కనిపించింది. కారణం వెతికితే మురుగులోని ఈస్ట్రోజెన్ల దగ్గర తేలింది.

ఆ తర్వాత కెనడా శాస్త్రవేత్తలు పరిశోధన కోసమే కేటాయించిన ఒక చిన్న సరస్సులో 2001 నుంచి 2003 వరకు మూడు వేసవులు మాత్రల హార్మోనును లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున కలిపారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. మన లెక్కలో చెప్పాలంటే 25 ఎకరాల చెరువు ఆరున్నర అడుగుల లోతున నిండి ఉంటే, అందులో ఒకే ఒక్క గ్రాము వేసినట్టు. అంత కొద్దిదానికే మగ చేపలు ఆడ లక్షణాలకు తిరిగాయి, పిల్లలు పుట్టడం పడిపోయింది. ఆ సరస్సులో గుంపులుగా ఉండే చిన్న చేప జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2007లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. హార్మోను కలపడం ఆపేశాక కొన్నేళ్లకు చేపలు మళ్లీ పుంజుకున్నాయి.

ఇది మందుల హార్మోను సంగతి. పేడలో ఉండే సహజ హార్మోను అంత బలమైనది కాదు. అయినా దారి ఒక్కటే. అమెరికాలోని అర్కాన్సాస్‌లో 1990ల్లో కోళ్ల ఎరువు చల్లిన పచ్చికబయలు మీద వాన కురిపించి, పారిన నీళ్లను పరీక్షించారు. ఆ నీళ్లలో హార్మోను కనిపించింది. ఎరువు ఎంత ఎక్కువ చల్లితే నీళ్లలో అంత ఎక్కువ వచ్చింది.

చెరువులో చేపలు పట్టుకుని బతికేవాళ్లకు పిల్ల పెరగకపోవడం, గుడ్డు నిలవకపోవడం అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. చేప తగ్గడానికి నీళ్లు ఎండడం, మందులు కలవడం లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. వాటికి తోడు మన పెంట నుంచి ఇంకొకటి చేర్చకపోవడం మన చేతిలో పని.

కూలి అడగని కూలీలు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఈస్ట్రోజెన్‌ను నాలుగు గదుల ఇల్లు అనుకోండి. నాలుగు గదులు వరుసగా ఒకదాని గోడకు ఒకటి అంటుకుని ఉంటాయి. మొదటి గది గోడలు మహా గట్టివి. ఆడ హార్మోను గుణమంతా ఆ మొదటి గదిలోనే ఉంది. ఆ గోడ కూలితే గాని హార్మోను చచ్చినట్టు కాదు.

బాక్టీరియా ముందుగా చివరి గది తలుపు మార్చుతుంది. ఈస్ట్రడయోల్ అనే బలమైన రూపం ఈస్ట్రోన్ అనే కాస్త బలహీనమైన రూపంలోకి మారుతుంది. ఇది తేలికైన పని, చాలా రకాల బాక్టీరియా చేయగలవు. కానీ ఇల్లు ఇంకా నిలబడే ఉంది. ఆ తర్వాత గాలిలోని ప్రాణవాయువును తీసుకుని మొదటి గది గోడకు తగిలిస్తుంది. మళ్లీ ఇంకొంత ప్రాణవాయువు వాడి ఆ గోడను పగలగొడుతుంది. ఆ ఒక్క గోడ పగిలిందంటే మిగతా గదులు ఒక్కొక్కటే కూలిపోతాయి. ఆ శకలాలను బాక్టీరియా తిండిగా వాడుకుంటుంది. చివరికి మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు, పెరిగిన బాక్టీరియా.

ఈ పని చేసేవాటిలో ఒకదాన్ని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు టోక్యోలోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం బురదలో పట్టుకున్నారు. దాని పేరు నోవోస్ఫింగోబియం టార్డాజెన్స్. పేరులోని రెండో మాటకు అర్థం 'మెల్లగా పెరిగేది' అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన పెంటకుప్పకు పనికొచ్చే మాట ఇది. గోడను ఎక్కడ, ఎట్లా పగలగొడుతుందో, ఏ జన్యువులతో ఆ పని చేస్తుందో తైవాన్ శాస్త్రవేత్తలు ఇదే కుటుంబపు ఇంకో బాక్టీరియాలో 2017లో వివరంగా చూపించారు.

రోడోకాకస్ అనే ఇంకో జాతి మాత్రల్లోని మొండి హార్మోనును కూడా కొరకగలదు. నేలలో అమోనియాను నైట్రేట్ దారి పట్టించే నైట్రోసోమోనాస్ కూడా, తన పని తాను చేసుకుంటూ పక్కనున్న హార్మోనును కొంత విరుస్తుంది. యూరియా వేసినప్పుడు మీ నేలలో పనిచేసేది ఈ జాతే. అంటే ఈ కూలీలు ఎక్కడో విదేశాల్లో లేరు. మన పేడలో, మన మట్టిలో, మన చేనులోనే వీళ్ల బంధువర్గం ఉంది. సీసాల్లో కొనితేవలసిన పని లేదు.

గాలి ఆడకపోతే?

గోడ పగలగొట్టడానికి ప్రాణవాయువు కావాలని చెప్పుకున్నాం కదా. మరి గాలి దూరని చోట? చెరువు అడుగు బురదలో, ఊట నిలిచిన పెంట గుంతలో, మురుగు నిలిచిన కాలువలో ఏమవుతుంది?

అక్కడ పని దాదాపు ఆగిపోతుంది. పైగా బలహీనమైన ఈస్ట్రోన్ తిరిగి బలమైన ఈస్ట్రడయోల్‌గా మారడం కూడా గాలి లేని చోట జరుగుతుంది. డీనైట్రాటిసోమా అనే జాతి ఒకటి గాలి లేకున్నా నైట్రేట్‌ను వాడుకుని ఈ పని చేయగలదు. దాని ఉపాయం విచిత్రం. గోడ పగలగొట్టలేదు కాబట్టి బి-12 విటమిను సాయంతో ఆడ హార్మోనును ముందు మగ హార్మోను రూపానికి తిప్పుకుని, ఆ తర్వాత విరుస్తుంది. ఈ కిటుకు 2020లో బయటపడింది. కానీ ఇటువంటివి అరుదు, వాటి పనీ నిదానమే. బురదలోకి చేరిన హార్మోను చాలాకాలం అక్కడే మకాం వేస్తుంది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన నీతి ఒక్కటే. హార్మోను పేడకుప్పలో ఉన్నప్పుడు దాన్ని చంపడం సులభం, చెరువు అడుగుకు చేరాక కష్టం. కుప్ప మన చేతిలో ఉంది, చెరువు అడుగు లేదు.

139 రోజుల లెక్క

కోళ్ల ఎరువును కంపోస్టు కుప్ప వేస్తే హార్మోను ఎంత తగ్గుతుందో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కొలిచారు. 2005లో అచ్చయిన ఆ పరిశోధనలో 139 రోజులు మాగనిచ్చాక, నీళ్లలో కరిగి కొట్టుకుపోయే ఈస్ట్రడయోల్ 84 శాతం తగ్గింది. మగ హార్మోను 90 శాతం తగ్గింది. గమనించండి, పూర్తిగా పోలేదు. కానీ నూటికి 84 పాళ్లు పోవడం తక్కువేమీ కాదు.

139 రోజులంటే నాలుగున్నర నెలలు. మన కార్తెలతో లెక్క వేసి చూడండి. జనవరి 15, అంటే సంక్రాంతినాడు కట్టిన కుప్పకు జూన్ 3కు 139 రోజులు నిండుతాయి. మిర్గం చొచ్చేది ఆ తర్వాత వారానికే. సంక్రాంతికి మూసిన కుప్ప సరిగ్గా పునాస విత్తనానికి అక్కరకొస్తుంది.

మరి మన కుప్పలు కూడా ఏడాదంతా ఉంటాయి కదా, మాగవా? ఇక్కడే ఉంది చిక్కు. మనం రోజూ ఆ కుప్ప మీదే కొత్త పేడ వేస్తాం. ట్రాక్టరు వచ్చిన రోజు అడుగున ఏడాది కిందటి ఎరువు, పైన నిన్నటి పేడ రెండూ కలిపి ఎత్తేస్తాం. అడుగున మాగింది, పైన పచ్చిది. చేలోకి రెండూ పోతాయి. పైగా కుప్ప మధ్యలోకి గాలి దూరదు, పైభాగం ఎండకు ఎండిపోయి ఉంటుంది. గాలి లేని చోట పని జరగదు, తడి లేని చోట కూడా జరగదు.

ఒకటి కాదు, రెండు కుప్పలు

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. సంక్రాంతినాడు పాత కుప్పను మూసేయండి. ఆ రోజు నుంచి దాని మీద గంపెడు పేడ కూడా వేయొద్దు. కొత్త పేడకు పక్కనే రెండో కుప్ప మొదలుపెట్టండి. మొదటిది ఈ పునాసకు, రెండోది ఆ తర్వాతి పంటకు. ఈ ఒక్క మార్పుతో సగం పని అయినట్టే. మిగతా సగం ఇదిగో:

చోటు: కుప్ప వాగుకు, కుంటకు, బోరుకు, బావికి దూరంగా, కాస్త ఎత్తుగా ఉన్న చోట ఉండాలి. వీలైతే చెట్టు నీడన. వాన నీరు కుప్పలోకి రాకుండా పైవైపున చిన్న కాలువ తీయాలి. కుప్ప నుంచి కారిన నల్లటి ఊట వాగులోకి పోకుండా కిందివైపున చిన్న కట్ట వేసి, ఆ ఊటను తిరిగి కుప్ప మీదే పోయాలి.

కొలత: వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 నుంచి 5 అడుగులు మించకూడదు. పొడవు మీ పేడను బట్టి. ఎత్తు పెరిగితే అడుగున గాలి ఆడదు.

పొరలు: పేడ ఒక్కటే వేస్తే ముద్ద కట్టి గాలి దూరదు. ఒక పొర పేడ, ఒక పొర ఎండు చెత్త. కంది ఆకు, కంది పొట్టు, పశువులు వదిలేసిన చొప్ప, ఎండుటాకులు, ముక్కలు కొట్టిన పత్తి కట్టె ఏదైనా పనికొస్తుంది. కంది కట్టె పొయ్యికి పోగా మిగిలిన సన్న పుల్లలు అడుగున పరిస్తే కింది నుంచి గాలి ఆడుతుంది.

తడి: లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. రెండు మూడు చుక్కలు రావాలి. నీళ్లు కారితే తడి ఎక్కువ, ఎండు చెత్త కలపాలి. చెయ్యి తడవకపోతే నీళ్లు చల్లాలి. మార్చి దాటాక మన ఎండలకు వారానికోసారి చూసుకోవాల్సిందే.

తిరగేయడం: 15 రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి మొత్తం మూడుసార్లు కుప్పను పారతో తిరగేయాలి. లోపలిది బయటికి, బయటిది లోపలికి రావాలి. దీన్నే ఇండోర్ పద్ధతి అంటారు. సంక్రాంతికి మూస్తే జనవరి నెలాఖరున, ఫిబ్రవరి నడుమ, మార్చి నడుమ ఈ మూడు తిప్పుళ్లు వస్తాయి.

వేడి: కుప్ప వేసిన వారానికి ఇనుప గడ్డపార లోపల గుచ్చి కాసేపు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే బాక్టీరియా జోరుగా పనిచేస్తోందని గుర్తు. చల్లగా ఉంటే గాలో, తడో తక్కువైంది. తిరగేసి చూడండి.

మాగిన గుర్తు: పేడ వాసన పోయి, తొలి వానకు మట్టి వాసన వచ్చినట్టు ఉండాలి. రంగు ముదురు గోధుమ, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలాలి. తిరగేసినా మళ్లీ వేడెక్కకూడదు. కుప్ప ఎత్తు సుమారు సగానికి దిగుతుంది.

నాడెప్ తొట్టి ఎందుకు మంచిది?

పేడ తక్కువగా ఉండి, చెత్త ఎక్కువగా ఉన్నవారికి నాడెప్ తొట్టి అనుకూలం. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాంఢరీపాండే పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున ఇటుకతో కట్టి, గోడల్లో గాలికి కన్నాలు వదులుతారు. ఆ కన్నాలే ఇందులో కీలకం. సుమారు 100 కిలోల పేడతోనే తొట్టి నిండా ఎరువు తయారవుతుంది, తిరగేయాల్సిన పనీ తగ్గుతుంది. తాండూరు ప్రాంతంలో ఇటుకకు బదులు పాలిష్‌కు పనికిరాని నాపరాయి ముక్కలతో సందులు వదిలి పేర్చుకున్నా ఇదే పని జరుగుతుంది.

కొందరు కుప్ప మీద బురద మెత్తి పూర్తిగా మూసేస్తారు. దీనివల్ల నత్రజని ఎక్కువ మిగులుతుంది, నిజమే. కానీ గాలి ఆడదు కాబట్టి అట్లా మూసిన కుప్పకు ఆరు నుంచి ఎనిమిది నెలల గడువు ఇవ్వాలి. గోబర్‌గ్యాస్ నుంచి వచ్చే స్లర్రీ కూడా గాలి లేని చోటి నుంచి వచ్చిందే. దాన్ని నేరుగా వాగు పక్క చేనికి వదలకుండా ఎండు చెత్త మీద పోసి మాగనివ్వండి.

కోళ్ల ఎరువు, గొర్రెల మంద

కోళ్ల ఫారాల నుంచి లారీ లెక్కన కొనుక్కునే ఎరువు చాలామంది తెచ్చిన రోజే చేలో పోస్తారు. గుడ్ల కోళ్ల ఎరువు అయితే ఇందులో హార్మోను ఎక్కువ. పైగా పచ్చిది వేస్తే మొక్క వేర్లు మాడతాయని మీకు తెలుసు. ముందే తెప్పించుకుని, చెత్తతో కలిపి, తడిపి, మాగించాక వాడండి. వానాకాలంలో తెప్పిస్తే కుప్ప మీద టార్పాలిన్ కప్పడం తప్పనిసరి.

గొర్రెల మంద కట్టించడం మంచి పద్ధతే, మానొద్దు. కాకపోతే మంద లేచిన వెంటనే గుంటకో, నాగలో తోలి పెంట, మూత్రం మట్టిలో కలిపేయండి. వెచ్చగా, తడిగా, గాలి ఆడే మట్టిలో ఈస్ట్రోజెన్ రోజుల నుంచి కొద్ది వారాల్లో విరిగిపోతుంది. మట్టి పైన ఎండిపోయి పడి ఉంటే అక్కడే ఉండి, తొలి వానకు కొట్టుకుపోతుంది. మన తాండూరు నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది. తొలి వాన నీరు ఆ నెర్రెల గుండా నేరుగా కిందికి దిగుతుంది. వికారాబాద్, పరిగి వైపు ఎర్ర చెలకలు వాలుగా ఉంటాయి, నీరు నిలవక పారిపోతుంది. అందుకే రెండు చోట్లా ఒకటే మాట. పెంట తోలిన రోజు నుంచి దున్నే రోజుకు మధ్య ఎడం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వారాల తరబడి చేలో కుప్పలుగా వదిలేయొద్దు.

వాగు ఒడ్డున గడ్డి పట్టీ

చేను వాగుకో, కుంటకో ఆనుకుని ఉంటే ఆ అంచున గడ్డిని దున్నకుండా వదలండి. పైన చెప్పిన అర్కాన్సాస్‌లోనే ఈ సంగతీ పరీక్షించారు. ఎరువు చల్లిన నేలకూ కాలువకూ మధ్య సుమారు 20 అడుగుల గడ్డి పట్టీ ఉంటే, పారే నీళ్లతో పోయే హార్మోనులో ముప్పాతికకు పైగా అక్కడే ఆగింది. 60 అడుగులుంటే దాదాపు అంతా ఆగింది. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతు 20 అడుగులు వదలలేకపోవచ్చు. ఎంత వదలగలిగితే అంతే వదలండి. పశుగ్రాసం గడ్డి వేసుకుంటే ఆ చోటు ఊరికే పోదు, బర్రెకు మేత వస్తుంది, ఒడ్డు కోసుకుపోదు. ఆ పట్టీలో మాత్రం పెంట, మందు చల్లొద్దు.

కూలీలను చంపుకోవద్దు

కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు, బ్లీచింగ్ నీళ్లు, మందు డబ్బాలు కడిగిన నీళ్లు కుప్పలో పోయకండి. అవి మనకు పనిచేసే బాక్టీరియాను చంపుతాయి. పొదుగువాపుకో, జ్వరానికో పశువుకు యాంటీబయాటిక్ సూదులు వేయించినప్పుడు ఆ రోజుల పేడను విడిగా వేసి ఎక్కువకాలం మాగనివ్వండి. డాక్టరు చెప్పకుండా సూది వేయించొద్దు.

యాంటీబయాటిక్ నీళ్లలో కలిస్తే ఎక్కడిదాకా పోతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ప్రచురించింది. చాలా రకాల బాక్టీరియాను చంపడానికి అంతకంటే ఎంతో తక్కువ చాలు. నీటిని శుభ్రం చేసేది బాక్టీరియాయే. దాన్ని మనమే చంపుకుంటే ఇంకెవరు శుభ్రం చేస్తారు?

రైతుకు ఏమొస్తుంది?

చెరువు కోసం, దిగువ వాళ్ల కోసం మేమెందుకు కష్టపడాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. రెండు బర్రెలున్న ఇంట్లో రోజుకు 30 కిలోల పేడ వస్తుందనుకున్నా, 139 రోజులకు నాలుగు టన్నుల పైచిలుకు అవుతుంది. దాన్ని మూడుసార్లు తిరగేయడం చిన్న పని కాదు. కూలి పెట్టి చేయిస్తే గిట్టదు. పక్కపక్క ఇళ్లవాళ్లు బదులు పనిగా ఒకరి కుప్ప ఒకరు తిరగేసుకుంటే పూటలో తేలిపోతుంది.

దానికి ఫలితం మీ చేలోనే కనిపిస్తుంది. పచ్చి పెంటతో వేరుపురుగు, చెదలు వస్తాయి. కుప్ప వేడికి కలుపు గింజలు చస్తాయి, పచ్చి పెంటలో అవే మొలుస్తాయి. ఆ కలుపు తీసే కూలి లెక్క వేసుకుంటే తిరగేసిన కష్టం కలిసొస్తుంది. బరువు, పరిమాణం తగ్గుతాయి కాబట్టి ట్రాక్టరు ట్రిప్పులూ తగ్గుతాయి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన తాండూరు కంది పేరు నిలవాలన్నా నేలలో సేంద్రియం నిలవాలి. మాగిన ఎరువు దానికి బలం.

ఈ సందేహాలు రావచ్చు

పెంట వేయడం మానేసి యూరియాతోనే సరిపెట్టుకుంటే పోలేదా? పొరపాటు. పెంట వేసిన నేలలోనే హార్మోనును తినే బాక్టీరియా బాగా పెరుగుతుంది. మానాల్సింది పెంటను కాదు, పచ్చి పెంటను.

ఈ పెంట వేసిన పంట తింటే ఏమైనా అవుతుందా? దున్ని కలిపిన ఎరువులో మిగిలిన హార్మోను పంట చేతికొచ్చేలోపు మట్టిలోని బాక్టీరియాకు చిక్కుతుంది. భయం పంటతో కాదు, వానకు కొట్టుకుపోయే నీళ్లతోనే.

ప్యాకెట్లలో అమ్మే బాక్టీరియా కొనాలా? ఈ పనికి అక్కర్లేదు. పాత కుప్పలో బాగా మాగిన ఎరువు రెండు మూడు గంపలు కొత్త కుప్పలో కలిపితే తోడు పెట్టినట్టే.

స్థలం లేదు, రెండు కుప్పలెట్లా? ఉన్న కుప్పనే నడుమ అడ్డంగా కట్టెలు పాతి రెండుగా విడదీయండి. ఒకవైపు మూసింది, ఒకవైపు నడుస్తున్నది. తొట్టి కొలతలు, పొరల మోతాదు తెలియకపోతే మీ క్లస్టర్ ఏఈఓను రైతు వేదికలో అడగండి.

సంక్రాంతికి ఇంటి ముందు ముగ్గు వేసి గొబ్బెమ్మ పెట్టే పేడ ఎటూ ఎత్తుతారు. ఆ రోజే పాత కుప్పను మూసి, కొత్త కుప్పకు మొదటి గంప వేయండి. మూసిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకోండి. జూన్ మొదటి వారం దాకా దాని జోలికి తిరగేయడానికి, తడపడానికి తప్ప పోవద్దు.